సినిమా చూడకముందే పుస్తకం చదవాలా? తర్వాత చదివితే పోయేదేంటి?

తెరముందు:
ఒక నవల సినిమాగానో వెబ్ సిరీస్‌గానో వస్తోందని తెలిస్తే చాలు, ఎవర్ని కదిపినా ఒకటే మాట: ‘ముందు పుస్తకం చదివెయ్యి’. నేను దీన్ని ఒప్పుకోను. పుస్తకం చదివి హాల్లో కూర్చున్నవాడు సినిమా చూడడు, లెక్క చూస్తాడు. ఈ సీను ఎగ్గొట్టారు, ఆ పాత్ర లేదు, హీరోయిన్ జుట్టు ఇలా ఉండకూడదు, ఇదే వరస. సినిమా చూశాక పుస్తకం పడితే మాత్రం ప్రతి అధ్యాయం అదనంగా దొరికినట్టే. తెర మీద కనిపించనివాళ్ల కథలు, వాళ్ల లోపలి ఆలోచనలు, అన్నీ లాభమే. చదివి చూస్తే తగ్గినట్టు, చూసి చదివితే పెరిగినట్టు. అలాంటప్పుడు ముందు ఏది చెయ్యాలి?

పైగా పుస్తకం కన్నా సినిమా బాగున్న సందర్భాలు చాలా ఉన్నాయి. పీటర్ బెంచ్లీ ‘జాస్’ నవల 1974లో వచ్చింది, స్పీల్‌బర్గ్ సినిమా 1975లో. నవలలో పోలీసు అధికారి భార్యకూ, సొరచేపల మీద పరిశోధన చేసే కుర్రాడికీ మధ్య ఒక వ్యవహారం నడుస్తుంది. మేయర్‌కి మాఫియాతో లంకె ఉంటుంది. సినిమా ఇవన్నీ కత్తిరించి ముగ్గురు మగాళ్లు, ఒక పడవ, ఒక చేప దగ్గరికి తెచ్చింది. ‘గాడ్‌ఫాదర్’ కూడా అంతే. మారియో పూజో 1969 నవలలో గాయకుడు జానీ ఫాంటేన్ గురించి పేజీలకు పేజీలు నడుస్తుంది. 1972 సినిమాలో అతనికి దక్కిన చోటు చాలా తక్కువ, కథకు జరిగిన నష్టమూ లేదు. ఆ స్క్రీన్‌ప్లేలో పూజో చెయ్యి కూడా ఉంది. ఈ రెండిట్లో ముందు పుస్తకం చదవమని ఎవరికైనా ఎందుకు చెప్పాలి?

మొదటిపేజీ:
తెరముందు గారూ, ‘జాస్’ విషయంలో మీతో గొడవ లేదు. ఎవరైనా అడిగితే నేనూ సినిమాయే చూడమంటాను. మీ వాదనలో నాకు అభ్యంతరం ఒక్కచోటే. పుస్తకానికీ సినిమాకీ తేడా అంటే మీరు సీన్ల లెక్క చూస్తున్నారు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి అని. సీన్లు మాత్రమే పోయేట్టయితే మీ మాటే నిజం, తర్వాత చదువుకోవచ్చు. పోయేది సీన్లు కానప్పుడు ఏం చేస్తారు?

కొలంబియా రచయిత మార్క్వెజ్ ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ (1967) చూడండి. బుయెందియా అనే కుటుంబం కథ అది. ఆ ఇంట్లో తరం తర్వాత తరం అవే పేర్లు: ఆరేలియానో, హోసే ఆర్కాడియో. ఆ ఇంటివాడైన కల్నల్ ఆరేలియానో ఒక్కడి కొడుకులే పదిహేడుమంది ఆరేలియానోలు. చదువుతుంటే ఎవరు ఎవరో తికమకపడతాం. ఆ తికమక రచయిత కావాలని పెట్టింది. నాలుగో తరంలో కవలలు పుడతారు. చిన్నప్పుడు పేర్లు మార్చుకుని ఆడుకునేవాళ్లు. ఆ ఆటలో ఎక్కడో ఇద్దరూ తారుమారైపోయారేమోనని ముసలావిడ ఉర్సులాకు అనుమానం. చివరికి శవాలను పూడ్చేటప్పుడు కూడా ఒకరి గోతిలో ఇంకొకరిని పెడతారు. ఇదంతా చదివేటప్పుడు మన చేతిలో పేరు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి మనమూ ఉర్సులాలాగే అయోమయంలో ఉంటాం. తెర మీద ప్రతి ఆరేలియానోకీ ఒక నటుడు ఉంటాడు. ముఖం చూడగానే ఎవరో తెలిసిపోతుంది. అప్పుడు ఆ నవల మనకిచ్చే అనుభవంలో ముఖ్యమైనది మొదటి క్షణంలోనే తీరిపోతుంది. తర్వాత చదివినా తిరిగి రాదు.

మార్క్వెజ్ బతికున్నంతకాలం ఈ నవల సినిమా హక్కులు అమ్మలేదు. పాత్రకు నటుడి ముఖం వచ్చిందంటే పాఠకుడి ఊహకు చోటుండదని ఆయన వాదన. ఆయన 2014లో పోయారు. 2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చింది, ఆయన కొడుకులిద్దరూ అందులో నిర్మాతలుగా ఉన్నారు. కొలంబియాలో, స్పానిష్‌లోనే, ఎంతో శ్రద్ధగా తీశారు. నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు. కానీ అది చూశాక మీ సొంత ఉర్సులాను ఊహించుకోవడం మీవల్ల కాదు.

తెరముందు:
మీరన్న ఆ పేర్ల తికమక వల్లే ఆ పుస్తకాన్ని సగంలో పక్కన పెట్టేసినవాళ్లు ఎంతమందో. వాళ్లకు సిరీస్ దారి చూపిస్తుంది కదా? ఎవరికి ఎవరు ఏమవుతారో కళ్లారా చూశాక పుస్తకం మళ్లీ తెరుస్తారు. సొంత ఉర్సులా లేకపోతే పోనివ్వండి, అసలు చదవకపోవడం కన్నా నయమే.

పాతవారపత్రిక:
ముఖాల మాట వచ్చింది కాబట్టి మన దగ్గరి ఉదాహరణ చెప్తాను. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో సీరియల్‌గా వచ్చింది. సినిమా 1976లో. అంటే మధ్యలో ఏళ్ల తరబడి పాఠకుల మనసులో ఎవరి రాజశేఖరం వాళ్లకు ఉన్నాడు. సినిమాలో అక్కినేని వచ్చారు. కొందరికి నచ్చారు, కొందరు ‘మా రాజశేఖరం ఇలా ఉండడు’ అన్నారు. అలా అనగలగడం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. సినిమాతో మొదలుపెట్టినవాళ్లకు ఆ మాట అనే అవకాశమే లేదు, వాళ్లకు రాజశేఖరమంటే అక్కినేనే. వారపత్రికల కాలంలో తెలుగు పాఠకులు ఈ విషయంలో అదృష్టవంతులు. నవల ముందు, సినిమా వెనక, ఎవరూ సలహా ఇవ్వకుండానే అలా జరిగిపోయింది.

సస్పెన్స్‌ప్రియ:
మీరంతా పాత్రల గురించి మాట్లాడుతున్నారు. నాకు ముఖ్యం మిస్టరీ. హంతకుడెవరో తెలిసే ఆ ఒక్క క్షణం ఒక్కసారే వస్తుంది. దాన్ని పుస్తకానికిద్దామా, సినిమాకిద్దామా? నేను ఎప్పుడూ పుస్తకానికే ఇస్తాను. పుస్తకంలో నేను ఆగవచ్చు, పది పేజీలు వెనక్కి వెళ్లి ఆ మాట ఎవరన్నారో చూసుకోవచ్చు, నా అనుమానం నేను పెంచుకోవచ్చు. సినిమా నన్ను లాక్కుని పోతుంది. రచయితతో పోటీపడే వీలు పుస్తకంలోనే ఉంది.

ఒక్క మినహాయింపు చెప్పనివ్వండి. అగాథా క్రిస్టీ 1939 నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. దాన్ని ఆవిడే 1943లో నాటకంగా మార్చి ముగింపు మార్చేశారు. 1945 సినిమా ఆ నాటకం ముగింపునే పట్టుకుంది. 2015లో బీబీసీ తీసిన సిరీస్ మళ్లీ నవల ముగింపుకే వెళ్లింది. ఆ 1945 సినిమా చూసినవాళ్లు ధైర్యంగా నవల చదువుకోవచ్చు. బీబీసీది చూసినవాళ్లకు మాత్రం నా సానుభూతి. ముగింపులు ఏమిటో ఇక్కడ ఎవరూ రాయకండి, దయచేసి.

మొదటిపేజీ:
నేను అసలు చెప్పాలనుకున్నది ‘గైడ్’ గురించి. ఈ విషయంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. సినిమా ముగింపు తెలియనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.

ఆర్.కె. నారాయణ్ నవల 1958లో వచ్చింది, 1960లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. విజయ్ ఆనంద్ తీసిన హిందీ సినిమా 1965లో. సినిమా నాకు ఇష్టం. పాటలూ, వహీదా రెహమాన్ నాట్యమూ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ రెండు చోట్ల ఏం జరిగిందో చూడండి.

మొదటిది మార్కో. నవలలో అతను గుహల్లో చిత్రాల మీద పరిశోధన చేసే మనిషి. భార్య రోజీని కొట్టడు, మోసం చెయ్యడు. అసలు పట్టించుకోడు, అంతే. ఆమె నాట్యం అతనికి ఒక పనికిమాలిన విద్య. అంత మాత్రానికి ఆమె కథానాయకుడైన టూరిస్టు గైడ్ రాజు వైపు వెళ్లడం తప్పా, ఒప్పా? నవల తీర్పు చెప్పదు, మనల్ని ఆ ఇబ్బందిలోనే ఉంచుతుంది. సినిమాలో మార్కో ఇంకో అమ్మాయితో ఉండగా రోజీ కళ్లారా చూస్తుంది. ఇక ప్రేక్షకుడికి బెంగ లేదు. మొగుడు చెడ్డవాడు, ఆమె వెళ్లిపోవడం న్యాయం.

రెండోది వాన. రాజును ఒక ఊరివాళ్లు స్వామి అనుకుంటారు, వాన కోసం ఉపవాసం చెయ్యాల్సి వస్తుంది. నవల చివరి పేజీలో ఆ ఉపవాసంతో నీరసించిన రాజును నదిలో పట్టుకుని నిలబెడతారు. కొండల్లో వాన పడుతోందని, నీళ్లు తన కాళ్ల కింద నుంచి పైకి వస్తున్నట్టు తెలుస్తోందని అంటూ కుంగిపోతాడు. అక్కడితో నవల అయిపోయింది. వాన పడిందో, అతనికి అలా అనిపించిందో, బతికాడో పోయాడో ఏమీ చెప్పదు. దొంగ స్వామి చివరికి నిజం స్వామి అయ్యాడా అనే ప్రశ్నకు జవాబు ఆ వానలోనే ఉంది, నారాయణ్ ఆ వానను మన ముందు కురిపించలేదు. సినిమాలో జడివాన కురుస్తుంది.

తెరముందు గారూ, మీరు సినిమా ముందు చూశారనుకోండి. చివరి పేజీకి వచ్చేసరికి మీ చెవుల్లో ఆ వాన చప్పుడు ముందే ఉంటుంది. నారాయణ్ అడిగిన ప్రశ్న మీకు వినపడదు. ఇక్కడ అదనం ఎక్కడుంది?

ఎడిటింగ్‌టేబుల్:
స్క్రిప్టులు రాసేవాడిగా నాదో మాట. మొదటిపేజీ గారు చెప్పినవన్నీ నిజం. అయితే ఆ మార్పుల వెనక ఉన్న కష్టం కూడా చూడండి. ‘పట్టించుకోని భర్త’ను తెర మీద చూపించడం చాలా కష్టం. నవలలో నెలల తరబడి పేరుకున్న చల్లదనాన్ని సినిమా నాలుగైదు నిమిషాల్లో నమ్మించాలి. అందుకే రచయితలు ఒక సంఘటన వెతుక్కుంటారు. స్క్రిప్టులో ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. నాలుగు వందల పేజీల నవలను నూట ఇరవై, నూట యాభై పేజీలకు దించాలి. విక్రమ్ సేఠ్ ‘ఎ సూటబుల్ బాయ్’ 1993 నవల, పదమూడు వందల పేజీల పైమాటే. 2020లో మీరా నాయర్ ఆరు ఎపిసోడ్లలో చెప్పాల్సి వచ్చింది. ఏం వదిలెయ్యాలా అని రాత్రుళ్లు నిద్ర పట్టని పని అది.

నా అభిప్రాయంలో ముందు చదివినవాడే సినిమాను బాగా చూడగలడు, కాకపోతే చదవగానే చూడకూడదు. పుస్తకం వేడి తగ్గాలి. డైలాగులు మరిచిపోయి, కథ తాలూకు ముద్ర మాత్రం మిగిలినప్పుడు చూస్తే, దర్శకుడు దేన్ని ఎంచుకున్నాడో, దేన్ని వదిలాడో, ఎందుకో అర్థమవుతుంది. ట్రైలర్ రాగానే టెన్షన్ పడి రెండు రోజుల్లో నవల ముగించి, మూడో రోజు సినిమాకు వెళ్లేవాళ్లే తెరముందు గారు చెప్పిన లెక్కల మనుషులవుతారు.

తెరముందు:
ఎడిటింగ్‌టేబుల్ గారి మాట బాగుంది. కానీ అంత నిబ్బరం అందరికీ ఉండదు, రాసినవాళ్లకే ఉండటం లేదు. స్టీఫెన్ కింగ్ సంగతే తీసుకోండి. ‘ది షైనింగ్’ నవల 1977, కూబ్రిక్ సినిమా 1980. ప్రపంచమంతా గొప్ప సినిమా అంటుంటే ఆయన ఏళ్ల తరబడి నచ్చలేదనే చెప్తూ వచ్చారు. 1997లో తనే స్క్రిప్టు రాసి టీవీ సిరీస్ తీయించారు. ఇప్పుడు జనం గుర్తుపెట్టుకుంది దేన్ని? కూబ్రిక్‌దాన్నే. పుస్తకం తలలో ఉంటే ఎదురుగా ఉన్న మంచి సినిమా కూడా కనపడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మొదటిపేజీ:
కింగ్ అభ్యంతరం సీన్ల గురించి కాదండీ. ఆయన నవలలో జాక్, చలికాలమంతా మూసి ఉండే హోటల్‌కు కాపలాగా కుటుంబంతో వెళ్లినవాడు, మంచివాడిగా ఉండాలని కొట్టుకునే మనిషి. తాగుడు మానాడు, కొడుకుని ప్రేమిస్తాడు, ఆ హోటల్ అతన్ని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. సినిమాలో ఆ పాత్ర వేసిన జాక్ నికల్సన్‌ను మొదటి ఇంటర్వ్యూ సీనులో చూస్తేనే ఏదో తేడాగా ఉంటుంది. అప్పుడు అతని పతనం మీద మనకు జాలి ఎక్కణ్నుంచి వస్తుంది? నవలలో హోటల్ బాయిలర్ పేలి తగలబడిపోతుంది, సినిమాలో అతను మంచులో గడ్డకట్టుకుపోతాడు. ఒకటి తండ్రి కథ, ఇంకొకటి ఇంటి కథ. రెండూ గొప్పవే. కూబ్రిక్ ఏం చేశాడో పూర్తిగా తెలియాలన్నా కింగ్ జాక్‌ను ముందు కలిసి ఉండాలి. నికల్సన్ నవ్వు ఒకసారి చూశాక పుస్తకంలోని ఆ తండ్రిని నమ్మడం చాలా కష్టం.

కొత్తచదువరి:
అందరికీ నమస్కారం. ఇంత చదివాక కూడా నాకు తేలలేదు. చదవడానికి నాకు దొరికే సమయం తక్కువ. దేనికి ముందు పుస్తకం, దేనికి ముందు సినిమా, కాస్త తేల్చి చెప్పరూ?

మొదటిపేజీ:
తప్పకుండా. పుస్తకం మొదటి పది పేజీలు చదవండి. అక్కడ మిమ్మల్ని పట్టుకున్నది ‘తర్వాత ఏమైంది’ అన్న ఆత్రమే అయితే సినిమా చూసేయండి, పెద్ద నష్టం లేదు. పట్టుకున్నది చెప్పే గొంతు అయితే మాత్రం పుస్తకం పూర్తి చేశాకే తెర వైపు వెళ్లండి. ‘గైడ్’లో సగం కథ రాజు తన నోటితో చెప్పుకున్నదే, తన తప్పులకు తనే సర్ది చెప్పుకుంటూ. ఆ గొంతును నమ్మాలా వద్దా అన్నదే నవల. ‘కన్యాశుల్కం’ కూడా ఈ కోవలోదే. 1955 సినిమాలో ఎన్టీఆర్, సావిత్రి ఎంత బాగా చేసినా, 1909 నాటి ప్రతిలో గిరీశం తనలో తాను చెప్పుకునే మాటలన్నీ మూడు గంటల్లో పట్టవు. ముందు అది చదవండి. ‘గాడ్‌ఫాదర్’కీ, ‘జాస్’కీ సినిమాయే ముందు. మార్క్వెజ్‌కి మాత్రం పుస్తకమే, పేర్లు కలిసిపోతే కలిసిపోనివ్వండి, వంశవృక్షం కాగితం మీద గీసుకోవద్దు.

సస్పెన్స్‌ప్రియ:
మిస్టరీలకు ఎప్పుడూ పుస్తకమే. నేను మారను.

తెరముందు:
మొదటిపేజీ గారు ‘గొంతు’ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ‘గైడ్’ ఆయనకే వదిలేస్తున్నాను. కానీ పెద్ద సీరీస్ నవలల సంగతి ఎవరూ ఎత్తలేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీలో 2011లో మొదలైంది, అదే ఏడాది దానికి మూలమైన నవలలు రాసిన జార్జ్ మార్టిన్ అయిదో పుస్తకం వచ్చింది. 2019లో టీవీలో కథ ముగిసేనాటికి ఆరో పుస్తకం రానేలేదు. ముందు చదవాలన్న నియమం పెట్టుకున్నవాళ్లు ఆ ఎనిమిదేళ్లూ ఏం చెయ్యాలి? చెవులు మూసుకుని కూర్చోవాలా? కొత్తచదువరి గారూ, మీకు సమయం తక్కువన్నారు కాబట్టి నా మాట వినండి. అలాంటివి తెర మీదే చూడండి, నచ్చితే మొదటి పుస్తకం తెరవండి. అందులో నెడ్ స్టార్క్ అధ్యాయాలు అతని మనసులోంచే నడుస్తాయి. అతను ఒక మాట దగ్గర ఎందుకు ఆగిపోతాడో, చెల్లెలు చివరిసారి అడిగిన మాట ఎందుకు మాటిమాటికీ గుర్తొస్తుందో, కథ తెలిసి చదివితేనే ప్రతి వాక్యంలో పట్టుబడుతుంది. తెలియకుండా చదివినవాళ్లు ఆ వాక్యాలను దాటుకుంటూ వెళ్లిపోతారు.

మొదటిపేజీ:
దాటుకుంటూ వెళ్లి, తెలిశాక మళ్లీ మొదటి నుంచి చదవడం ఇంకా బాగుంటుందండీ. అయినా నెడ్ స్టార్క్ అధ్యాయాల గురించి మీరన్నది నిజం. కొత్తచదువరి గారూ, ‘గైడ్’తో మొదలుపెట్టండి. అది చిన్న పుస్తకం.