మామూలు మిడి కీబోర్డ్ మీద 22 శ్రుతులు లైవ్‌ల వాయించొచ్చా?

హన్మకొండ_కీస్:
అన్నలూ ఒక డౌట్. నా దగ్గర 61 కీల మిడి కీబోర్డ్ (ఏ కీ నొక్కినమో నోట్ నంబర్ లెక్క లాప్‌టాప్‌కు పంపేది), లాప్‌టాప్‌ల సర్జ్ ఎక్స్‌టీ (సౌండ్ పుట్టించే సింథ్ సాఫ్ట్‌వేర్) ఉన్నయ్, మా దిక్కు భజనలల్ల, పెండ్లిళ్లల్ల వాయిస్త. మోహన ఎత్తుకుని తంబూర మీద గ పట్టి ఉంచితె సౌండ్ వణుకుతది, పాడే అక్క అయితె "తమ్మీ, నీ గాంధారం పైకి పోతుందిరా" అని మైక్ పక్కకు పెట్టి మరీ అంటది. ఇగ నెట్‌ల దొరికిన 22 శ్రుతుల (ఒక్క స్థాయిల 22 సన్న స్వరస్థానాలు) స్కేలా ఫైల్, అంటె ఏ మెట్టు ఎంత ఎత్తుల పలకాలో రాసి ఉండేది, ఎక్కిస్తె ఒక్క స్థాయికే దాదాపు రెండు స్థాయిల కీలు పోయినయ్, సా యాడుందో నాకే తెల్వట్లే. స్టేజి మీద ఎట్ల మరి? కొత్త కీబోర్డ్ కొనుమని మాత్రం చెప్పకుండ్రి.

శ్రుతిపెట్టె:
అక్క చెవి కరెక్టే తమ్మీ. కీబోర్డ్ గ సా నుంచి 400 సెంట్లు (పక్క పక్క కీల నడుమ దూరం 100 సెంట్లు), తంబూరల పలికే గ 386, ఆ 14 సెంట్లే వణుకు. 22 ఒకేసారి ఎందుకు పరుస్తున్నవ్, ఏ రాగంల అన్ని వాడుతం? 12 కీలు అట్లనే ఉంచి వాటినే సవరించు. మోహనకు రి 204, గ 386, ప 702 పెట్టు. ద కాడ జర ఆలోచించాలె, 884 పెడితె సా తోటి మస్తు కలుస్తది గని రి-ద కలిపి నొక్కితె 22 సెంట్లు తక్కువై ఏడుస్తది, కార్డ్స్ పట్టేటోనివైతె 906 పెట్టుకో. రాగానికో ఫైల్ చేసి రీపర్‌ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఒక్కో ట్రాక్‌ల ఒక్కో సర్జ్ తెరిచి పెట్టు, పాట మారంగనె ట్రాక్ మార్చుడే.

కాజీపేట_లోకో:
పై అన్న చెప్పింది నిలబడే స్వరాలకు ఓకే. తోడి గాంధారం ఏ ఫైల్‌ల దొరకది భాయ్, అది ఒక్క జాగల ఉంటె గద. దానికి పిచ్ బెండ్ చక్రమే దిక్కు. రెండు సెమీటోన్ల రేంజ్ మీద 16384 మెట్లుంటయ్, సన్నగనే జారుతది, గని బెండ్ ఛానల్ (మిడి నోట్లు పోయే దారి) మొత్తానికి పోతది కాబట్టి ఎడమచేతి కార్డ్ కూడ దాంతోనే ఊగుతది. ఎంపీఈ అనే మిడి పద్ధతిల నోటుకో ఛానల్ ఉంటది గని మామూలు కీబోర్డ్ అన్నీ ఒక్క ఛానల్ మీదనే పంపుతది. అందుకే కీబోర్డ్ స్ప్లిట్ చేసి కుడిచేతికి వేరే ఛానల్, ఒకసారికి ఒక్క స్వరమే పలికే మోనో సౌండ్ పెట్టు.

హన్మకొండ_కీస్:
మోహన ఫైల్ చేసిన, సి మీద సూపర్ ఉంది. అక్కది 5 కట్టె (సా జి మీద), ట్రాన్స్‌పోజ్ +7 కొట్టి అన్నీ ఏడు కీలు పైకి జరపంగనె రి పాడైంది??

శ్రుతిపెట్టె:
ద 884 పెట్టినవ్ గద? ట్రాన్స్‌పోజ్ కొడితె నీ రి కీ ఎ (A) నోట్ పంపుతది, ఫైల్ దాన్ని ఇంకా ద అనుకుంటది, అందుకే నీ రి 204 కాడ ఉండాల్సింది 182కు (884ల కొత్త సా 702 పోంగ) దిగింది. కేబీఎం ఫైల్‌ల (స్కేలా స్వరాలు ఏ కీ మీద మొదలవ్వాలో చెప్పేది) సా ను మిడి నోట్ 67కు జరుపు, అదే నోట్‌కు 392 హెర్ట్జ్ రాయి. సన్నాయి ఆయన ఉన్నప్పుడు మాత్రం ఆయన సా ట్యూనర్‌ల చూసి ఆ నంబరే వెయ్యి, ఆయనైతె నీకోసం దిగడు.

హన్మకొండ_కీస్:
సరే అన్నా, రాత్రికి పెట్టి చూస్త. తోడికి స్ప్లిట్ ఏ కీ కాడ కొయ్యాలె?