రాత్రి డ్యూటీలో పేషెంటును మంచానికి కట్టేయడం తప్పా, తప్పదా?

రాత్రి డ్యూటీ (తిరుపతి):
ఇక్కడ ఒక ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా చేస్తున్నా. రాత్రి మగవాళ్ల వార్డుకు నేనొక్కడినే, రెండు వార్డులకు కలిపి ఒక సిస్టర్. మొన్న తాగుడు మాన్పించడానికి చేర్చిన ఒకాయన రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు సాయంత్రం చేతుల వణుకు ఎక్కువైంది. రాత్రికి దుప్పటి మీద చీమలంటూ ఒకటే దులపడం. సెలైన్ పీకేసి, పక్క మంచం ముసలాయన్ను దొంగ అనుకుని మీద పడబోయాడు. డాక్టరుకు ఫోన్ చేస్తే "ఇంజెక్షన్ ఇచ్చి కట్టేయండి" అన్నారు. గాజుగుడ్డతో కట్టాం. పొద్దున తమ్ముడొచ్చి, మణికట్టు మీద ఎర్రటి చార చూసి నా కాలరు పట్టుకున్నాడు. చెప్పినాయన్ను అడిగిన వాళ్లు లేరు. కట్టింది తప్పేనా? తప్పయితే ఆ టైములో నేనేం చేయాలి?

లా స్టూడెంట్ (చిత్తూరు):
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 95, 97 సెక్షన్లు చూడండి. ఆయనకో పక్కవాళ్లకో అప్పటికప్పుడు హాని జరగబోతూ, ఆపడానికి ఇంకో దారి లేనప్పుడే కట్టాలి. చికిత్స చూసే సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి. శిక్షగా కట్టకూడదు, సిబ్బంది తక్కువన్న ఒక్క కారణంతో అసలే కట్టకూడదు. గదిలో ఒంటరిగా పెట్టి తాళం వేయడం, గొలుసులు వేయడం పూర్తిగా నిషేధం. మీది మొదటి రకమా, సిబ్బంది లేక కట్టిన రకమా?

పీలేరు సిస్టర్:
తమ్ముడూ, ఆ రెండింటికీ మధ్య గీత పుస్తకంలోనే కనిపిస్తుంది. నలుగురుంటే ఇద్దరు పట్టుకుని, ఒకరు మాట్లాడుతూ, ఒకరు ఇంజెక్షన్ ఇస్తే అరగంటలో మత్తు వస్తుంది, కట్టే పని ఉండదు. ఒక్కడే ఉంటే అదే మనిషి "ఇంకో దారి లేని" కేసు అయిపోతాడు. అసలు సాయంత్రం వణుకు ఎక్కువైనప్పుడే మాత్రల డోసు చూసుకుని ఉంటే రాత్రికి ఇంత దూరం వచ్చేది కాదేమో. అది వార్డు బాయ్ పని కాదు కదా!

కట్టుబడినవాణ్ణి:
నన్ను కట్టారు, ఎక్కడో చెప్పను. ముక్కు మీద దురద పెడితే గోక్కోలేం. నీళ్లడిగితే "అరవొద్దు" అన్నారు. పక్క తడిసిపోయినా తెల్లారేదాకా అంతే. అంతకుముందు నేను చేసిందల్లా ఇంటికి పంపమని గట్టిగా అరవడం. వాళ్లిచ్చిన మందు వల్ల మెడ ఒక పక్కకు పట్టేస్తే నటిస్తున్నానన్నారు. మీ కేసు వేరే కావచ్చు అన్నా, కానీ చాలా వార్డుల్లో గోల చేస్తే కట్టేస్తారు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. వాళ్లనూ మంచికే కట్టామన్నారు.

పుత్తూరు వాసి:
మా ఊరి కట్టుతో విరిగిన ఎముకైనా అతుక్కుంటుంది. ఈ కట్టుతో ఏమతుక్కుంటుందప్పా?

పలమనేరు అన్న:
ఎవరూ అడగని సంగతి: ఇంటివాళ్లు ఏమయ్యారు? వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం మానసిక ఆరోగ్య కేంద్రంలో పేషెంటుతో పాటు ఇంటి మనిషీ ఉండే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. మా చిన్నాన్నతో పిన్నమ్మ ఉండింది. అర్ధరాత్రి లేచి కేకలేస్తే చేయి పట్టుకుని పేరు పెట్టి పిలిచేది, సర్దుకునేవాడు. పొద్దున కాలరు పట్టుకునే తమ్ముడు రాత్రి పక్కన పడుకోవచ్చు కదా.

పీలేరు సిస్టర్:
కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో నెల రోజులు ఎవరుంటారన్నా? పైగా మన తిరుపతిలో బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో దొరికి, ఊరూ పేరూ చెప్పలేక వార్డుకొచ్చే వాళ్లుంటారు. వాళ్ల పక్కన ఎవరిని పడుకోబెడతారు? ఇంటివాళ్లుంటే మంచిదే. ఆ పేరుతో యాజమాన్యం ఇంకో వార్డు బాయ్‌ని తగ్గిస్తేనే తంటా.

రాత్రి డ్యూటీ:
సిస్టరక్కా, మా దగ్గర జరిగేది అచ్చం అదే. లా తమ్ముడూ, ఆర్డరు ఫోన్లో వచ్చింది, కాగితం మీద ఏమీ లేదు. రేపు కేసైతే?

లా స్టూడెంట్:
ఎలా కట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే కేస్ షీటులో ఎక్కేలా చూడటం ఆసుపత్రి ఇన్‌చార్జి డాక్టరు బాధ్యత, మీది కాదు. పేషెంటు నామినీకి, అంటే ఆయన తరఫున మాట్లాడే మనిషికి, 24 గంటల్లో చెప్పాలి. ఆ తమ్ముడికి రాత్రే ఫోన్ వెళ్లుంటే పొద్దున ఆ గొడవ ఉండేది కాదు. ఇకపై ఫోన్లో చెప్పినా, ఎవరు ఎన్నింటికి చెప్పారో సిస్టర్‌తో అక్కడే రాయించండి.

పీలేరు సిస్టర్:
విప్పిన టైము కూడా. కట్టే ముందు మణికట్టుకు దూది మందంగా చుట్టు, కట్టు కింద రెండు వేళ్లు దూరాలి. వెల్లకిలా వదలొద్దు, వాంతి అయితే ఊపిరాడదు. పావుగంటకోసారి వేళ్లు చల్లబడ్డాయా చూసి, నీళ్లు కావాలా, ఒంటేలు వస్తోందా అడుగు. దగ్గర కూర్చునే మనిషి లేకపోతే కట్టనని డాక్టరుకు ఫోన్లోనే చెప్పు. తిట్లు పడతాయి, పడనీ.