హత్సుగామాకి పిలిచారు, ఎంగిలి సంగతి ఎలా అడగాలి?

క్యోటోలో ఉంటున్నాను. టీ నేర్పే పక్కింటి పెద్దావిడ జనవరిలో 'హత్సుగామా'కి, అంటే కొత్త ఏడాది మొదటి టీ వేడుకకి, రమ్మన్నారు. తెల్ల సాక్స్ వేసుకోవాలని, ఉంగరాలు, వాచీ తీసేయాలని తెలుసు. అక్కడ పెట్టే హనబిరామోచి అనే స్వీటు తినడానికీ బెంగలేదు, లోపల ఉండేది తీపి మిసో (సోయా ముద్ద), బర్డాక్ అనే మొక్క వేరు, అంతే కదా.

టెన్షనంతా కొయిచాతోనే. ఆ చిక్కటి మాచాని, అంటే గ్రీన్ టీ పొడితో కలిపే టీని, ఒకే గిన్నెలో వరసగా అందరూ తాగుతారట. నాకేమో చిన్నప్పటి నుంచీ ఎంగిలి పడదు. కరోనా తర్వాత కొన్నిచోట్ల ఎవరి గిన్నె వాళ్లకే ఇస్తున్నారని విన్నాను. ముందే అడిగితే తప్పుగా అనుకుంటారా?

ఇంకోటి, మోకాళ్ల నొప్పి. సేజాలో, అంటే మోకాళ్లు మడిచి మడమల మీద, పది నిమిషాలకు మించి కూర్చోలేను. చిన్న పీట తీసుకెళ్లొచ్చా? పట్టుచీర ఫర్వాలేదా? గాజులు మాత్రం తీసేస్తాను, గిన్నెకి తగిలితే ఆవిడ గుండె ఆగిపోతుంది! వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.