గాల్లో గీసిన దారి: ఫైనల్‌లో ఉంచాలా, ఆపాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని మన వైపు కుర్రాళ్లకి పైలట్ కోర్సు మోజు పెరిగింది. వాళ్ల ప్రశ్న ఇది: గార్మిన్ జీ1000 అనే కాక్‌పిట్ తెరలో సింథటిక్ విజన్‌తో (బయటి నేలనీ రన్‌వేనీ కంప్యూటర్ గీసే బొమ్మ) పాటు పాత్‌వే నొక్కితే, వెళ్లాల్సిన దారిని చూపే చట్రాలు తెర మీద వరసగా వస్తాయి. ఒక్కోటి 700 అడుగుల వెడల్పు, 200 అడుగుల ఎత్తు, గ్లైడ్‌పాత్ (దిగే వాలు దారి) పట్టాక ఇంకా కుదించుకుంటాయి. ఐఎల్‌ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో కిరణాలు) మీద దిగేటప్పుడు వీటిని చివరిదాకా ఉంచాలా? ఉంచాలనే అంటాను. ఐఎల్‌ఎస్ సూది పక్కకి జరిగాక తప్పు తెలుస్తుంది, చట్రమైతే రాబోయే మలుపుని ముందే చూపిస్తుంది.

కోట వీధి (విజయనగరం):
మలుపు దాకా సరే గురువు గారూ, ఫైనల్‌లో (రన్‌వేకి తిన్నగా దిగే ఆఖరి దారిలో) మలుపేటుంది? అక్కడ చట్రం చూపుని కట్టేస్తుంది. 1980లో నాసా సిమ్యులేటర్‌లో హెడ్-అప్ డిస్‌ప్లే (అంకెల్ని కళ్ల ముందు అద్దం మీద చూపేది) పెట్టుకుని దిగిన పైలట్లలో కొందరు, రన్‌వే మీద అడ్డుగా ఉన్న విమానాన్నే గమనించలేదు. పైగా 120 నాట్ల వేగానికి 20 నాట్ల పక్కగాలి ఉంటే ముక్కు దాదాపు 10 డిగ్రీలు గాలి వైపు ఉండాలి, రన్‌వే బొమ్మ తెర మధ్యలో ఉండదు. కొత్తవాడు దాన్ని మధ్యకి తేవాలని ముక్కు తిప్పేస్తాడు, గాలి పక్కకి తోసేస్తుంది. ముక్కుని వదిలేసి ఆకుపచ్చ ఫ్లైట్ పాత్ మార్కర్‌ని (విమానం నిజంగా ఎటు పోతోందో చూపే గుర్తుని) రన్‌వే మొదలు మీద నిలపాలి. చట్రాల గుంపులో ఆ చిన్న గుండ్రం మరుగున పడిపోతుంది.

జీడితోట (పలాస):
అసలు ప్రమాదం ఒత్తిడి సెట్టింగులో ఉంది. తిత్లీ లాంటి తుఫాను రోజుల్లో క్యూఎన్‌హెచ్ (ఆల్టీమీటరులో పెట్టాల్సిన స్థానిక గాలి ఒత్తిడి) 998కి పడిపోయిందనుకోండి. ప్రామాణిక సెట్టింగు 1013ని మార్చడం మర్చిపోతే 15 హెక్టోపాస్కల్స్ తేడా, ఒక్కోదానికి 27 అడుగుల చొప్పున ఎత్తు చూపే ఆల్టీమీటరు 400 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. ఐఎల్‌ఎస్ కిరణానికి ఇదేమీ పట్టదు, సూదులు మధ్యలోనే, చట్రాలూ చక్కగానే. కానీ నిజంగా 200 అడుగుల్లో ఉంటే అంకె 600 అంటుంది, డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలో ఆగాలో తేల్చుకోవాల్సిన ఎత్తు) రానే రాదు. అందుకే రన్‌వేకి 5 నాటికల్ మైళ్ల దగ్గర అంకె చూడాలి: 3 డిగ్రీల దారిలో రన్‌వే ఎత్తు కన్నా సుమారు 1640 అడుగులు ఎక్కువ రావాలి. 2000 పైన ఉంటే క్యూఎన్‌హెచ్ మళ్లీ అడగండి.

నాగావళి గట్టు:
తెర మీద కొండలకి రంగులేసే లెక్క జీపీఎస్ ఎత్తు మీద కదా, ఈ తప్పుని అది పట్టిస్తుంది.

జీడితోట:
పట్టించదు బావా. కొండ మనకన్నా పైన గానీ, 100 అడుగుల లోపు కింద గానీ ఉంటే ఎరుపు, 1000 లోపు కింద ఉంటే పసుపు. మన తీరంలో ఫైనల్‌లో ఏ కొండా అడ్డు లేకపోతే రంగేటి మారుతుంది? తెర మీద రన్‌వే కనబడిందని మినిమమ్స్ (ఆ డెసిషన్ ఎత్తు) దాటడానికీ లేదు, కిటికీలోంచి లైట్లు కనబడాల్సిందే.

కోట వీధి:
అదే నేననేది. 1000 అడుగుల్లో పాత్‌వే ఆపేయండి.

నాగావళి గట్టు:
1000 అడుగుల్లో పీఎఫ్‌డీ, సిన్ విస్, పాత్‌వే అనే బటన్లు మూడూ నొక్కుతూ కూర్చోవాలా? తల కిందకి వంచే పనే అది. ఆపేదేదో ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (ఆఖరి దిగుడు మొదలయ్యే చోటు) రాకముందే ఆపాలి, లేదా గో-అరౌండ్‌కి (దిగకుండా మళ్లీ పైకి లేవడానికి) పనికొస్తుందని వదిలేయాలి. నేను వదిలేస్తాను.