ఫ్రెండే ఓకే అన్నాక ఎన్-వర్డ్ వాడితే తప్పేంటి? (గేమ్‌లో బ్యాన్ పడింది, చర్చ కావాలి)

రాత్రిపక్షి:
ముందే చెప్తున్నా, జాలి కోసం రాలేదు, నిజంగా అర్థంకాక అడుగుతున్నా. ఎన్-వర్డ్ అంటే తెలుసుగా, నల్లజాతివాళ్లని కించపరిచే ఆ ఇంగ్లిష్ తిట్టు. మా గేమింగ్ బ్యాచ్ అయిదుగురం, అందులో ఒకడు నైజీరియా అబ్బాయి, నాతోపాటే మాస్టర్స్ చేస్తున్నాడు. అసలు ఆ మాట మొదలెట్టిందే వాడు, ర్యాప్ పాటల్లో అంటారు చూడండి, చివర్న 'ర్' మింగేసి సాగదీస్తూ, అలా మమ్మల్ని పిలిచేవాడు. ఓరోజు అందరం ఉన్నప్పుడు "మేమూ అనొచ్చా" అంటే నవ్వి "అనుకోండి, నాకేంటి" అన్నాడు. రెండేళ్లుగా అంటూనే ఉన్నాం. మొన్న మ్యాచ్ గెలిచిన ఊపులో వాడికే టైప్ చేశా, అది టీం చాట్‌లో కాకుండా అందరికీ కనపడే చాట్‌లో పడింది, ఎవడో రిపోర్ట్ కొట్టాడు, ఏడు రోజులు బ్యాన్. మాట అన్న నాకు తప్పనిపించలేదు, అనిపించుకున్నోడికి బాధ లేదు, మధ్యలో ఆ మూడోవాడికి ఏం నొప్పి?

నిమ్మసోడా:
ఏడు రోజులేనా. అదృష్టవంతుడివి.

బ్యాక్‌బెంచ్:
బ్రో నీ తప్పేం లేదు, ఇదంతా అతి. పాటల్లో వాళ్లే వందసార్లు పాడతారు, కోట్లమందికి అమ్ముతారు, డబ్బులు పెట్టి విన్నోడు నోరు మూసుకుని వినాలా? 2018లో అమెరికాలోని అలబామాలో నల్లజాతి ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఒక తెల్లమ్మాయిని స్టేజ్ మీదకి పిలిచి తన పాటే పాడమన్నాడు, ఆమె ఆ మాటతో సహా ఉన్నది ఉన్నట్టు పాడితే మధ్యలో ఆపాడు, జనం గోల. రాసింది ఆయన, పిలిచింది ఆయన, ఇరుక్కుంది ఆమె. ఇదెక్కడి న్యాయం?

చిన్నబాబాయ్:
ఇందులో అంత అర్థంకానిదేముంది. నా చిన్ననాటి స్నేహితుడు నన్ను ఒరేయ్ అంటాడు, నాకు హాయిగా ఉంటుంది. అదే ఒరేయ్ వాడి పక్కనున్నోడు అంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. మాట ఒకటే, నోరు వేరు.

బ్యాక్‌బెంచ్:
బాబాయ్ ఒరేయ్‌కీ దీనికీ పోలికేంటి, ఒరేయ్ అని పిలిచి ఎవర్నీ వేలంపాటలో అమ్మలేదుగా. అయినా నీ లెక్క ప్రకారమే వాళ్లవాళ్లు అనుకోవచ్చు, మిగతావాళ్లు అనకూడదు, అంటే చర్మం రంగు చూసి రూల్ పెట్టినట్టు కాదా?

కాటుక:
ఒరేయ్‌కి చరిత్ర లేదని ఎవరన్నారు? తండ్రి వయసున్న పాలేరుని పదేళ్ల దొరబిడ్డ ఒరేయ్ అని పిలిచిన రోజులు మన తాతలు చూసినవే. ఆ పాలేరు కూడా "అయ్యా" అని నవ్వుతూనే పలికుంటాడు. ఆ నవ్వు చూసి దొరగారు అదీ ప్రేమే అనుకుని ఉంటారు.

అంపైర్:
ఇక్కడ ఫుట్‌బాల్‌లో రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. 2011లో ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఆటగాడు సువారెజ్, మాంచెస్టర్ యునైటెడ్ నల్లజాతి ఆటగాడు ఎవ్రాని గ్రౌండ్‌లో గొడవ పడుతూ స్పానిష్‌లో 'నల్లోడా' లాంటి మాట అన్నాడు. మా ఉరుగ్వేలో అది మామూలు పిలుపే అన్నాడు. ఫుట్‌బాల్ సంఘం విచారణలో నమ్మలేదు, 8 మ్యాచ్‌ల బ్యాన్, 40,000 పౌండ్ల ఫైన్. సరే, గొడవలో అన్నాడు కాబట్టి వేశారు అనుకుందాం. 2020 నవంబర్‌లో అదే ఉరుగ్వే ఆటగాడు కవానీ గోల్స్ కొట్టి గెలిపించాక, అభినందించిన సొంత ఫ్రెండ్‌కి ఇన్‌స్టాగ్రామ్‌లో థ్యాంక్స్ చెప్తూ అదే మాటని ముద్దుగా, మనం చిన్నోడా అన్నట్టు, రాశాడు. ఆ ఫ్రెండ్‌కి బాధ లేదు. తర్వాత డిలీట్ చేసి సారీ కూడా చెప్పాడు. అయినా 3 మ్యాచ్‌లు, లక్ష పౌండ్లు. ఉరుగ్వే భాషా అకాడమీ వాళ్లు కూడా ఇది అన్యాయం, మా భాష మీకు తెలీదు అని గొడవ చేశారు. నేనైతే కవానీ విషయంలో వాళ్లతోనే ఉన్నా. కానీ రాత్రిపక్షి, నువ్వు కవానీవి కాదు. ఆయన పుట్టినప్పట్నుంచి ఇంట్లో విన్న మాట ఆయన వాడాడు. నువ్వు వాడింది నీ భాషలో మాట కాదు, ర్యాప్ పాటల్లోంచి తెచ్చుకున్నది.

రాత్రిపక్షి:
అంపైర్ అన్నా అది బానే ఉంది, కానీ నా ఫ్రెండ్ పర్మిషన్ సంగతేంటి, మీరెవరూ దాని గురించి మాట్లాడట్లేదు.

పాతరికార్డు:
నేను మాట్లాడతా. తమ్ముడూ, మీవాడు పెరిగింది నైజీరియాలో. ఆ మాట కొరడాతో పాటు తిన్నది అమెరికాలో బానిసలుగా బతికినవాళ్లు, వాళ్ల పిల్లలు. మీవాడు కూడా పాటల్లో విని అరువు తెచ్చుకున్నదే, అరువు సొమ్ము నీకు అప్పిచ్చాడు. రిచర్డ్ ప్రయర్ అని నల్లజాతి కమెడియన్, 1970ల్లో స్టేజ్ మీద ఆ మాట ఆయన వాడినంతగా ఎవరూ వాడలేదు, రికార్డుల పేర్లలో కూడా పెట్టుకున్నాడు. 1979లో కెన్యా వెళ్లాడు. చుట్టూ రకరకాల పనుల్లో నల్లవాళ్లే, వాళ్లలో ఒక్కరూ ఆ మాటకి సరిపోయే మనిషిలా కనపడలేదట, ఇక తన నోటితో అననని వచ్చి స్టేజ్ మీదే చెప్పాడు. వాడే హక్కు ఉందని మనం ఒప్పుకునే మనిషే వదిలేశాడు.

నిమ్మసోడా:
2007లో ఎన్ఏఏసీపీ అని అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ వాళ్లు డెట్రాయిట్‌లో ఆ మాటకి అంత్యక్రియలు చేశారు తెలుసా, నిజం శవపేటిక, గుర్రాలు, ఊరేగింపు అన్నీ. పాతిపెట్టారు. ఆ తర్వాత కూడా యథావిధిగా అదే మాటతో పాటలు. పాతిపెడితే పోయే మాట కాదది.

బ్యాక్‌బెంచ్:
చూశారా, వాళ్లలో వాళ్లకే తేలలేదు. మనం ఎందుకు కొట్టుకుంటున్నాం?

కాటుక:
తేలనిది వాళ్లు వాడుకోవాలా వద్దా అన్నది. బయటోడు వాడొచ్చా అన్నదాంట్లో పెద్దగా తగవేం లేదు.
పర్మిషన్ గురించి నాకు తెలిసింది చెప్తా, నాది ఎన్-వర్డ్ కాదు, రంగు మాటే. కాలేజీలో మా గ్యాంగ్ నన్ను నా రంగుతో పిలిచేవాళ్లు, ఏ పేరో ఇక్కడ రాయను. మొదటిరోజు ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా నేను నవ్వా. అప్పుడు నవ్వకపోతే ఆ గ్యాంగ్‌లో నాకు చోటు ఉండదని భయం. నాలుగేళ్లు నవ్వా. ఆమధ్య ఒక ఫ్రెండ్ ఇంటికి వెళ్తూ గేటు దగ్గర నుంచి ఫోన్ చేశా, ఫోన్ తీసింది వాళ్ల ఏడేళ్ల పాప. స్క్రీన్ మీద నా పేరు ఎలా సేవ్ అయ్యుందో అలా కూడబలుక్కుని చదువుతూ "అమ్మా, ఫలానా ఆంటీ ఫోన్" అని అరిచింది. ఆ పిల్లకి అది తిట్టని తెలీదు, నా పేరే అనుకుంది. ఆ ఫ్రెండ్ మొహం చూడాలి. నేను మళ్లీ నవ్వేశా, అలవాటు కదా.
వెస్టిండీస్ క్రికెటర్ డారెన్ సామీ సంగతీ అంతే. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్‌కి ఆడినప్పుడు 'కాలూ' అనేవాళ్లట, బలమైన గుర్రం లాంటి అర్థం అనుకున్నాడట. పిలిచినోళ్లూ నవ్వుతున్నారు, ఈయనా నవ్వాడు. 2020లో ఒక టీవీ షో చూశాక అసలు అర్థం హిందీలో నల్లోడా అని తెలిసి మండిపడ్డాడు. రెండు టీ20 ప్రపంచకప్‌లు గెలిపించిన కెప్టెన్ ఆయన.

అంపైర్:
సగమే చెప్పారు కాటుక గారూ. తర్వాత పిలిచినవాళ్లలో ఒకరు మాట్లాడితే, ప్రేమతోనే అన్నాడని నమ్ముతున్నానని సామీయే చెప్పాడు.

కాటుక:
అవును చెప్పాడు. ప్రేమ లేదని నేనూ అనట్లేదు, నా ఫ్రెండ్‌కీ నా మీద ప్రేమే. రాత్రిపక్షి, నువ్వు పర్మిషన్ అడిగింది నలుగురు ఎదురుగా ఉన్నప్పుడు, ఒక్కడిని. వాడు కాదంటే ఏమయ్యేదో ఆలోచించు. కుదిరితే ఒంటరిగా ఇంకోసారి అడుగు.

చిన్నబాబాయ్:
ఇంకోటి. ఫ్రెండ్స్ మధ్య నాలిక మీద ఆడే మాట కోపంలోనూ అదే వస్తుంది. 2017లో ప్యూడీపై అనే యూట్యూబర్ లైవ్‌లో గేమ్ ఆడుతూ అవతలోడి మీద చిరాకులో ఎన్-వర్డ్ అనేశాడు, జనం చూస్తుండగా. తర్వాత సారీ చెప్పుకోవాల్సి వచ్చింది.

బ్యాక్‌బెంచ్:
నేనింకా ఒప్పుకోను గానీ, కాటుక గారూ ఆ ఫోన్ సంగతి చదివి నా కాంటాక్ట్స్ తెరిచా. రెండు పేర్లు మార్చా. ఇంతకంటే అడక్కండి.

రాత్రిపక్షి:
అడిగా. విడిగా మెసేజ్ పెట్టా, "అప్పుడు ఓకే అన్నావు, నిజంగా ఓకేనా, మొహమాటం లేకుండా చెప్పు" అని. బ్లూ టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది, అలా పావుగంట. చివరికి ఒక బొటనవేలు పంపాడు. కాసేపాగి "నీ బ్యాన్ ఎప్పుడు తీస్తారు" అని.

నిమ్మసోడా:
బొటనవేలంటే ఓకే అనా, చదివాను అనా?

రాత్రిపక్షి:
అదే తెలీట్లేదు అన్నా.