పెన్షనర్ల సంఘంలో చేరాలా, వద్దా?

ఖమ్మం కుర్రాడు:
అమ్మ హైస్కూల్ టీచరుగా పోయిన నెలాఖరుకు రిటైరైంది. మా ఊరి పెన్షనర్ల సంఘం వాళ్లు లైఫ్ మెంబర్‌షిప్‌కి 2000, బిల్డింగ్ ఫండ్‌కి 1000 అడుగుతున్నారు. ధరలను బట్టి పెన్షన్‌తో పాటు ఇచ్చే డీఆర్ పెరిగినా, కోర్టు తీర్పు వచ్చినా సంఘంలో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఒకటే కదా. మరి చేరితే అమ్మకు ఒరిగేదేమిటి?

విజయనగరం మాస్టారు:
నాయనా, డిసెంబర్ 17న పెన్షనర్ల దినం జరుపుకునేది 1982లో ఆ రోజు వచ్చిన నకారా కేసు తీర్పు వల్లే. 1979 మార్చి 31కి ముందు రిటైరైన కేంద్ర ఉద్యోగులకు కొత్త పెన్షన్ లెక్క వర్తించదన్నారు. సుప్రీంకోర్టు ఆ తేదీ గీతను చెరిపేసింది, పెన్షన్ దయాధర్మం కాదని చెప్పింది. కేసు వేసింది ఇద్దరు పెన్షనర్లు, వాళ్లతో పాటు కామన్ కాజ్ అనే సొసైటీ. కమ్యూట్ చేసుకున్న భాగం, అంటే రిటైరైనప్పుడు ఒకేసారి సొమ్ముగా తీసుకున్న పెన్షన్ వాటా, 15 ఏళ్లకు మళ్లీ పెన్షన్‌లో కలవాలన్న 1986 తీర్పు కూడా ఆ సొసైటీ వేసిన కేసులోనే వచ్చింది. ‘నాకెలాగూ వస్తుంది’ అని అందరూ ఇంట్లో కూర్చుంటే ఢిల్లీ దాకా వెళ్లేదెవరు?

గుంటూరు నుంచి:
మాస్టారూ, ఆ తీర్పులకు నేనూ దండం పెడతాను. కానీ ఈ బాబు డబ్బు కట్టేది వాళ్ల ఊరి సంఘానికి. మా సంఘంలో నేను చేరి తొమ్మిదేళ్లయింది, ఒక్కసారీ జమాఖర్చులు చదివి వినిపించలేదు. అడిగితే ముఖం చిన్నబుచ్చుకుంటారు. పోనీ, వినతులకైనా ఫలితం ఉందా? మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 శాతం ఉన్న రైలు రాయితీని 2020 మార్చిలో ఆపారు. సంఘాలు ఏళ్ల తరబడి అడిగినా తిరిగి ఇవ్వలేదు. రసీదు లేకుండా బిల్డింగ్ ఫండ్ మాత్రం కట్టొద్దు బాబూ.

వరంగల్ నుంచి:
మా ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం నాలుగు నెలలు తిరిగాను. ఆయన సర్వీస్ రిజిస్టర్‌లో నా పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని ఆఫీసులో కాగితాలు వెనక్కిచ్చేవారు. ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో చెప్పే నాథుడు లేడు. ఇంట్లో డబ్బులు అయిపోతున్నాయని ఒకటే టెన్షన్. ఆయన సభ్యుడిగా ఉన్న సంఘం నుంచి ఇద్దరు పెద్దాయనలు ఇంటికొచ్చారు, కాగితాలన్నీ వరసగా పెట్టించి, నాతో పాటు ఆఫీసుకొచ్చి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లే. మర్నెలలో పెన్షన్ పడింది. అన్నయ్యగారూ, లెక్కలు అడగాల్సిందే, కాదనను. కానీ ఆ రోజు నా పక్కన ఇంకెవరూ లేరు.

ఖమ్మం కుర్రాడు:
ఈ ఏడాదికి చందా మాత్రమే కట్టి రసీదు తీసుకుంటాం. జనరల్ బాడీ మీటింగ్‌కి అమ్మతో నేనూ వెళ్లి, బిల్డింగ్ ఫండ్ లెక్క చూశాకే మిగతా మాట. వరంగల్ అమ్మగారూ, పేరు తేడాకు ఏమేం కాగితాలు పెట్టారో చెబుతారా? నాన్న పేరు కూడా అమ్మ సర్వీస్ రిజిస్టర్‌లో వేరేగా ఉంది.