తల్లికి వందనం: కరెంటు 300 యూనిట్లు దాటిందని అనర్హత

ప్రశ్న: గాజువాకలో అద్దెకుంటున్న కుటుంబం, నెలకు నూరు యూనిట్లు మించదు. అయినా బడి పిల్లల తల్లులకు ఏటా డబ్బిచ్చే ఈ ఏపీ ప్రభుత్వ పథకంలో, నెలకు 300 యూనిట్లు దాటిందంటూ అనర్హుల జాబితాలో పేరుంది. ఏం చేయాలి?

జవాబు 1: చాలావరకు పాత అద్దింటి మీటరుకో, ఓనరు కరెంటు సర్వీసుకో (కనెక్షన్‌కో) తల్లిదండ్రుల ఆధార్ అతికి ఉంటుంది. ఆ ఆధార్ ఉన్న మీటర్లన్నింటి యూనిట్లూ కలిపి నెలసరి సగటు చూస్తారు. ముందు వార్డు సచివాలయంలో ఏ సర్వీసు నంబరు చూపిస్తోందో రాయించుకోండి. అది మీది కాకపోతే ఈపీడీసీఎల్ (మీ ప్రాంత కరెంటు సంస్థ) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు ఆఫీసులో ఆధార్ తీసేయమని అర్జీ ఇవ్వండి. తీసేశాకే సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాలి. ముందే పెడితే పాత డేటాతోనే మళ్లీ తిరస్కరిస్తారు. రసీదు నంబరు మాత్రం వదలకండి.

జవాబు 2: అర్హత వచ్చినా డబ్బు పడకపోతే ఎన్పీసీఐ మ్యాపింగ్, అంటే ప్రభుత్వ డబ్బు మీ ఆధార్‌పై ఏ బ్యాంకుకు వెళ్లాలో చెప్పే నమోదు, చూడండి. ఖాతాకు ఆధార్ ఇచ్చామంటారు గానీ, అది వేరు, ఎన్పీసీఐ మ్యాపింగ్ వేరండి. మ్యాపింగ్ చివరగా ఏ బ్యాంకుకు చేయిస్తే డబ్బు అక్కడికే పోతుంది, ఎప్పుడో వాడటం మానేసిన ఖాతా అయినా సరే. ఇక పిల్లలకు బడిలో 75 శాతం హాజరు లేకపోతే పై తంటాలన్నీ వృథా.

ప్రశ్నించినవారు: 15,000 అన్నారు, పక్కింటావిడకు 13,000 పడ్డాయేం?

జవాబు 1: 2,000 బడి నిర్వహణకు మినహాయిస్తారండి. అది తప్పు కాదు.